రెండు సంతకాల గొళ్ళెం

ఆఫీసు క్యాంటీన్, కిటికీ పక్క బల్ల
మార్చి 4

శ్రీమతి వదిన గారి దివ్యసముఖానికి,

గారూ, దివ్యసముఖమూ చూసి మురిసిపోకు. పనిపడింది కాబట్టి పెట్టాను. ఫోన్‌లో నన్ను ఆపేశావు. మెయిల్ పంపితే తిన్నగా చెత్తబుట్టలోకి పోయేలా ఏర్పాటు చేశావు. ప్రాజెక్టు పేజీలో రాద్దామంటే అది నలుగురూ చదివే చోటు, నేను చెప్పబోయేదేమో నలుగురూ చదవకూడనిది. పోస్ట్‌మన్‌ని గుమ్మంలో ఆపే ప్రోగ్రాము మాత్రం మనం ఇంకా రాయలేదు. అందుకని ఈ కాగితం. పెన్ను పట్టి ఎన్నాళ్ళయిందో ఏమో, నా పేరు తప్ప మిగతా అక్షరాలన్నీ వంకర్లు పోతున్నాయి.

సంగతికొస్తాను. మన గొళ్ళెంలో కన్నం బయటపడింది.

టైపింగ్ నేర్పుతూ నేర్పుతూ గొళ్ళెం అంటే ఏమిటో మర్చిపోయి ఉంటావు కాబట్టి గుర్తుచేస్తాను. వెబ్‌సైట్ల వెనకాల ప్రోగ్రాములు వచ్చి అడిగి పుచ్చుకునే కిటికీలుంటాయి, ఏపీఐలు అంటారు వాటిని. వచ్చినవాడు ఎవరో కనుక్కోవడం ఒక పని. వాడు ఏది చూడొచ్చు, ఏది ముట్టుకోకూడదు అని తేల్చడం రెండో పని. ఆ రెండో పని చెయ్యడానికి హాస్టల్ గదిలో ఒకే మంచం మీద కూర్చుని ఇద్దరు పిచ్చివాళ్ళు ఎవరి ప్రోగ్రాములోనైనా కలుపుకోగల కోడు, అంటే లైబ్రరీ ఒకటి రాసి, దానికి గొళ్ళెం అని పేరు పెట్టి, కావలసినవాళ్ళు వాడుకోండి అని ఊరందరికీ ఉచితంగా ఇచ్చేశారు. అందులో ఒక పిచ్చిది తర్వాత రెండోదాని అన్నయ్యను పెళ్ళి చేసుకుని వదిన హోదా సంపాదించింది.

ఎవరో, ప్రోగ్రాముల్లో కన్నాలు వెతికే పరిశోధకుడట, మర్యాదస్తుడు, నాకు రహస్యంగా రాశాడు. లాగిన్ అయిన ఎవరైనా సరే, 'మొత్తం జాబితా దించుకో' అనే కిటికీ దగ్గరికెళితే గొళ్ళెం ఒక్క ప్రశ్న కూడా అడగడం లేదట. రండి, కూర్చోండి అంటోందట. రెండేళ్ళ కిందట గొడవైన లైనే ఇది. అప్పుడు వీధి తలుపు మూశాం, పెరటి తలుపు మర్చిపోయాం. తొంభై రోజులు గడువిచ్చాడు. జూన్ రెండున లోకానికంతా చెప్పేస్తాడు. ఈలోగా సవరణ బయటికి పోకపోతే మనల్ని నమ్ముకున్న వేలమంది వీధిన పడతారు.

సవరణ నేను రాసేశాను. కానీ రెండు సంతకాలూ పడితేగాని ఏదీ బయటికి పోకూడదని నియమం పెట్టిన మహానుభావురాలివి నువ్వు. ఒకరిని తీసెయ్యాలన్నా ఆ తీసెయ్యబోయేవాళ్ళ సంతకమే కావాలని దానికి తోక తగిలించిన తెలివైనదాన్ని నేను. కాబట్టి సంతకం పెట్టే బొటనవేలంత ఆ తాళంచెవి ఏ సొరుగులో ఉందో వెతికి, కంప్యూటరుకు గుచ్చి, ఒక్కసారి నొక్కు. నా మొహం చూడక్కర్లేదు.

ఏ లైను ఎవరు రాశారో నమోదయ్యే చరిత్రలో ఆ లైను నీ పేరుతోనే ఉంది. పరిశోధకుడి నివేదికలోనూ అలాగే వస్తుంది. ఏం చేస్తాం.

ఇట్లు,
పిడుగు


పాలిటెక్నిక్ స్టాఫ్ రూమ్, ఫ్యాను తిరగని మూల
మార్చి 15

పిడుగుకి,

ఆశీస్సులు. అలవాటు కొద్దీ.

నేను నేర్పేది డేటాబేసులు. టైపింగ్ కూడా నేర్పుతున్న మాట నిజమే, ఎందుకంటే టైపింగ్ మాస్టారు రిటైరయ్యారు. ప్రొజెక్టరు బాగుచేసేదీ నేనే, గంట మోగకపోతే చూసేదీ నేనే. ప్రిన్సిపాల్ గారి దృష్టిలో వైరున్న ప్రతి వస్తువూ నా శాఖే.

ఇంత గొప్ప పదవికి ఎలా వచ్చానో నువ్వూ మర్చిపోయి ఉంటావు, నేనూ గుర్తుచేస్తాను. రవాణా కంపెనీలో పద్నాలుగు మందికి పైన ఉన్నదాన్ని. మన గొళ్ళెమే పెట్టాలని బల్లగుద్ది పెట్టించాను. ఒక సోమవారం పొద్దున్న లారీ డ్రైవర్లందరూ ఒకరి వైద్య పరీక్షలు ఒకరు చదివేసుకున్నారు. ఎవరికి చక్కెర ఉంది, ఎవరు తాగుతారు, ఎవరికి పిల్లలు పుట్టరు, అన్నీ. మధ్యాహ్నానికల్లా షెడ్డులో ఇద్దరు కొట్టుకున్నారు కూడా. విచారణలో చరిత్ర తీశారు. లైను రాసింది నేను, సంతకం నాది అని అందులో ఉంది. నన్ను పార్కింగ్ స్టిక్కర్ల విభాగానికి మార్చారు. నెల రోజులు స్టిక్కర్లు అచ్చువేసి, నాకు నేనే లేచొచ్చేశాను. మళ్ళీ ఏ కంపెనీ పిలిచినా రెండో ప్రశ్న ఆ లైను గురించే.

మీ అన్నయ్య మాత్రం వారానికోసారి 'మనిషన్నాక పొరపాట్లు చేస్తాం' అని నన్ను ఓదారుస్తూనే ఉన్నాడు. కళ్ళజోళ్ళ షాపు మనిషి కదా, ఓదార్పు కూడా నెంబరు చూసి ఇస్తాడు.

సంతకం పెడతాను. ఒక్క షరతు. సవరణతో పాటు మనం పెట్టే ప్రకటనలో, ఆ లైను ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు రాయి. చరిత్రలో ఏముందో కాదు, ఆ రోజు ఏం జరిగిందో. నాకెందుకో దాన్ని నేను రాసినట్టు గుర్తులేదు. నీకు జ్ఞాపకశక్తి మంచిది కదా, కాస్త ఆలోచించి చూడు.

మీ అన్నయ్య ఆరోగ్యంగా ఉన్నాడు. అడగలేదు కాబట్టి చెబుతున్నాను.

ఇట్లు,
వదిన


ఆఫీసు మెట్ల మీద, లిఫ్టు బాగుపడేలోగా
మార్చి 29

వదినకి,

గుర్తులేకపోవడం వయసుతో వచ్చేదే. దానికి ప్రకటనలో మందు దొరకదు.

రెండేళ్ళు గడిచాక ఎవరు రాశారన్నది ఎవరికి కావాలి చెప్పు? పరిశోధకుడికి కన్నం కావాలి, జనానికి సవరణ కావాలి. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు, ఇప్పుడు మనం పేర్లు పట్టుకుని అరవడం దేనికి? తిలాపాపం తలా పిడికెడు అనుకుందాం. 'గొళ్ళెం బృందం పొరపాటు' అని రాస్తాను. బృందమంటే మనిద్దరమే కదా, సగం నాకూ వస్తుంది. ఇంతకంటే ఉదారంగా ఉండే ఆడపడుచు నీకు ఎక్కడా దొరకదు.

ఒక మంచి వార్త కూడా. మే నెలాఖరున ఒక పెద్ద కంపెనీలో భద్రతా విభాగానికి అధిపతిగా చేరుతున్నాను. గొళ్ళెం చూసే తీసుకున్నారు. గది చూపించారు. నాలుగు పక్కలా గాజే. నేను ముక్కు గీరుకున్నా బయట ముప్పైమందికి కనబడుతుంది. కుర్చీ మాత్రం అద్భుతం, ఎటు నొక్కితే అటు వాలుతుంది. ఇప్పుడు ప్రకటనలో పాత పంచాయితీ మొదలైతే ఆ కుర్చీ నేను కూర్చోకుండానే వాలిపోతుంది. అంటే, ఇద్దరిలో ఎవరి పేరు గురించైనా సరే, గొడవ గొడవే కదా అంటున్నాను.

అన్నయ్యని అడిగానని చెప్పు. సంతకం పెట్టు.

పిడుగు


ఇల్లు, వంటింటి బల్ల
ఏప్రిల్ 9

పిడుగుకి,

బృందమన్నావు. బాగుంది. విచారణ రోజున ఆ బృందం ఎక్కడికి వెళ్ళిందో మరి. పొడుగాటి బల్లకి అటు పక్క ఏడుగురు, ఇటు పక్క నేనూ ఒక నీళ్ళ సీసా. నాకైతే సీసా ఒక్కటే బృందంలా కనబడింది.

ఆ సాయంత్రం నువ్వు ఫోన్ చేసి 'ధైర్యంగా ఉండు వదినా' అన్నావు. నేను నీ నెంబరు ఆపేసింది ఆ మాటకే. ఇంట్లో అందరూ, అవమానంతో మొహం చెల్లక మూతి ముడుచుకున్నాననుకున్నారు. అనుకోనిచ్చాను.

సంతకం లేదు. ఇంకా యాభై నాలుగు రోజులుంది, తొందరేముంది? ఈలోగా ఆ గాజు గదికి కర్టెన్లు కుట్టించుకో.

వదిన


కొరియర్ ఆఫీసు కౌంటరు
మే 6

వదినా,

నిలబడి రాస్తున్నాను. వెటకారానికి టైము లేదు.

నీకు ఫోన్ ఇవ్వమని అన్నయ్యని అడిగితే స్నానంలో ఉంది అన్నాడు. మూడు గంటల్లో మూడుసార్లు చేశాను, మూడుసార్లూ స్నానమే. పాపం, అబద్ధం చెప్పడం అన్నయ్యకు ఎప్పటికీ రాదు. కొరియర్ వస్తుంది, చేతికివ్వు అని మాత్రం ఒప్పించాను.

పొద్దున్న మన ప్రాజెక్టు పేజీలో ఒకావిడ ప్రశ్న పెట్టింది, అందరూ చదివేచోట. ఆవిడ ఒక ఆశ్రయ గృహం మేనేజరు. మొగుళ్ళ దగ్గర్నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయి వచ్చినవాళ్ళని పదకొండు ఇళ్ళలో దాచి ఉంచుతారు. ఏ ఇల్లు ఎక్కడుందో, ఎవరు ఏ గదిలో ఉన్నారో వాళ్ళ కంప్యూటర్లో ఉంటుంది, దానికి కాపలా మన గొళ్ళెం. ఆవిడ అడిగినది యథాతథంగా: 'మాకు పచారీ సరుకులు వేసే అబ్బాయి తన బిల్లు కోసం లాగిన్ అయి జాబితా నొక్కితే, పదకొండు ఇళ్ళూ అందరి పేర్లూ వచ్చాయట. వాడు మంచివాడు కాబట్టి నాకొచ్చి చెప్పాడు. ఇది ఇలాగే ఉంటుందా అండీ?'

అండీ అని అడిగింది వదినా.

నేను చూసి తీసేసేసరికి యాభై నిమిషాలైంది. ఆవిడకి ఫోన్ చేసి మొత్తం ఆపించాను. ఇప్పుడు వాళ్ళు కాగితం మీద రాసుకుని నడుపుతున్నారు. ఒక తల్లీ బిడ్డా ఏ ఇంట్లో దిగారో గంటసేపు దొరకలేదట. ఆ యాభై నిమిషాల్లో ఆ ప్రశ్న ఎవరెవరు చదివారో తెలియదు. అర్థమైనవాడికి అది ఎక్కడ తలుపు తీసుందో చెప్పే చీటీయే. ఇలాంటి వాళ్ళు ఇంకెంతమంది మనల్ని వాడుతున్నారో నాకు తెలియదు. కొత్త పేరుతో ఇంకో లైబ్రరీ పెడితే వీళ్ళకి ఎప్పటికి తెలుస్తుంది? పాత గొళ్ళెంలోకి సవరణ వస్తేనే దానంతటదే అందరికీ చేరుతుంది.

నా సంతకం పెట్టేశాను. నీది కావాలి. నీ కాళ్ళు పట్టుకుంటాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటావు, అను.

పిడుగు


ఇల్లు
మే 7

పిడుగుకి,

కొరియర్ అబ్బాయి నిన్న సాయంత్రం ఏడింటికి వచ్చాడు. సవరణ మొదట్నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. ఒకచోట ఖాళీ జాబితా వస్తే ఆగిపోతోంది, సరిచేశాను; నిమిషంలో దానికి నీ సంతకమూ పడింది. నా కంప్యూటరు ముందు నేనే కూర్చుని, నా తాళంచెవి నేనే నొక్కాను. ఎనిమిదిన్నరకి బయటికి వెళ్ళింది.

షరతు ఏమీ లేదు. ప్రకటనలో నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో, బృందమని రాసుకున్నా సరే. నా పరువు కోసం మార్చి నుంచి నేను బేరమాడుతూ కూర్చున్న ఆ తలుపు వెనక ఎవరున్నారో నేను ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గేసింది. ఆ మేనేజరు గారికి నా తరఫున క్షమాపణ చెప్పు.

ఇక ఉత్తరాలు అక్కర్లేదు.

వదిన


అద్దె గది, పరుపు మీద
మే 20

వదినా,

అక్కర్లేదన్నా రాస్తున్నాను. నీ మాట విననివాటి జాబితాలో ఇదొకటి కలుపుకో.

సంతకం వచ్చాక నాకు నిజానికి ఇక ఏ అవసరమూ లేదు. సవరణ వెళ్ళిపోయింది. ఆశ్రయ గృహం మళ్ళీ నడుస్తోంది. ప్రకటనలో బృందమని రాసి గాజు గదిలో కూర్చోవచ్చు. పదమూడు రోజులు కూర్చున్నట్టే ఊహించుకున్నాను. కుదరలేదు. నువ్వు షరతు మీద పట్టుపట్టి కూర్చుంటే నీ మీద కోపం పెట్టుకుని బతికేసేదాన్ని. నువ్వు దాన్ని తీసేసి నాకు ఆ సుఖం కూడా లేకుండా చేశావు.

ఆ లైను నేను రాశాను.

ఆ రోజు మీ ఇంట్లో ఉన్నాను. నువ్వు పన్ను పీకించుకోవడానికి వెళ్ళావు. నేను ఛార్జరు మర్చిపోయి వచ్చాను, నా కంప్యూటరు చచ్చిపోయింది. నీది వంటింటి బల్ల మీద తెరిచే ఉంది, తాళంచెవి దానికి గుచ్చే ఉంది. సాయంత్రం నాలుగింటికి ఎవరికో గొళ్ళెం చూపించాలి, జాబితా కిటికీ ఎంతకీ తెరుచుకోవడం లేదు. ఇవాళ్టికి ఎవరొచ్చినా రానిచ్చెయ్, రేపు తీసేస్తాను అని ఒక్క లైను రాశాను. నీ పేరుతో నొక్కాను. అదే కంప్యూటరుకి నా తాళంచెవి గుచ్చి రెండో సంతకమూ నేనే పెట్టాను. ఒక చేత్తో చప్పట్లు మోగకూడదని నియమం పెట్టుకున్నాం కదా, ఆ రోజు రెండు చేతులూ నావే. ఊళ్ళోవాళ్ళ కంచెలు బాగుచేసేదాన్ని నేనే చేను మేశాను. నాలుగింటికి అందరూ మెచ్చుకున్నారు. రేపు అన్నది నేను మళ్ళీ తలుచుకోలేదు.

విచారణ రోజు నీకు ఫోన్ చేసింది ఇదే చెప్పాలని. నువ్వు 'చెప్పు పిడుగూ' అన్నావు. నా నోట్లోంచి 'ధైర్యంగా ఉండు' అని వచ్చింది. అంతకంటే నీచమైన మాట నేను జీవితంలో అనలేదు.

కొత్త కంపెనీవాళ్ళకి నిన్ననే చెప్పాను. మీ నిజాయితీని అభినందిస్తున్నాం అన్నారు. అభినందనంటే ఏమిటో సాయంత్రం మెయిల్ వచ్చాక అర్థమైంది. పరిశోధకుడికీ రాశాను, నివేదికలో పేరు మారుస్తానన్నాడు. జూన్ రెండున పెట్టబోయే ప్రకటన దీనితో పంపుతున్నాను. అందులో నీ గురించి ఉన్నది ఒక్క వాక్యం: 'ఆ సమయంలో మా వదిన అక్కడ లేరు, ఆమెకు దీని గురించి ఏమీ తెలియదు, ఆమె తప్పు ఏమాత్రమూ లేదు.' చదివి సరేనంటే అలాగే పెడతాను.

క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు. అందుకే ఉత్తరంలో అడుగుతున్నాను.

పిడుగు


పాలిటెక్నిక్, ఖాళీ క్లాసు గది
మే 27

పిడుగూ,

నీ ఉత్తరం ప్రొజెక్టరు విప్పుతూ చదివాను. స్క్రూలన్నీ కింద పడ్డాయి. పిల్లలు వెతుకుతుంటే నేను బయటికెళ్ళి వరండాలో నిలబడి ఏడ్చాను. కంట్లో దుమ్ము పడిందని చెప్పాను. వాళ్ళెవరూ నమ్మలేదు, మార్కుల భయం కొద్దీ తలూపారు.

నీ ప్రకటన బాగుంది. నా గురించి ఉన్న వాక్యంలో మాత్రం మూడు ముక్కలున్నాయి, అందులో మొదటిదొక్కటే నిజం. నేను అక్కడ లేను. ఆ లైను పదకొండూ నలభైకి వెళ్ళింది, ఆ సమయానికి డాక్టరు గారి మోకాలు నా గుండెల మీద, ఆయన పటకారు నా నోట్లో.

ఏమీ తెలియదన్నది అబద్ధం. విచారణలో ఆ టైము చదివి వినిపించిన నిమిషంలోనే నాకు తెలిసింది. ఆ ఏడుగురి ముందూ నోరు తెరిచి 'ఆ సమయానికి నేను ఇంట్లో లేను' అంటే చాలు. అనలేదు. నువ్వు మీ అన్నయ్య చెల్లెలివని, నిన్ను కాపాడడానికి త్యాగం చేశానని రెండేళ్ళు నాకు నేను కథ చెప్పుకున్నాను. చాలా బాగా చెప్పుకున్నాను కూడా, ఒక్కోసారి నా మీద నాకే గౌరవం పుట్టేది.

మూడో ముక్క ఇంకా పెద్ద అబద్ధం. తాళంచెవి గుచ్చే ఉంది అని రాశావు. ఎందుకు గుచ్చి ఉందో రాయలేదు. ఆ రోజు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నేనన్న మాట నీకు గుర్తుంది. 'ఏదైనా పనిబడితే నా పేరుతో నువ్వే నొక్కెయ్, నన్ను కదపకు' అన్నాను. అప్పటికి అలా అనడం మూడోసారో నాలుగోసారో. ఆ మాట నువ్వు కావాలనే వదిలేశావని తెలుసు. ఉద్యోగం పోగొట్టుకుని కూడా నా పేరు మీద మచ్చ పడకుండా చూశావు. అది చదివాకే వరండాలోకి వెళ్ళాను.

నేను లేనని విచారణలో చెబితే, మరి నీ తాళంచెవి ఎవరి చేతిలో ఉందమ్మా అని అడిగేవాళ్ళు. తప్పు లైను రాయడం పొరపాటు, ఎవరైనా చేస్తారు. ఎవరికి ఏ హక్కుందో తేల్చే లైబ్రరీ రాసి, తన హక్కు మొత్తం వంటింటి బల్ల మీద వదిలి వెళ్ళినదాన్ని ఏమంటారు? ఆ పేరు పడకూడదని నోరు మూసుకున్నాను. నీ మౌనం మీద రెండేళ్ళు మండిపడ్డాను కానీ, నాది అంతకంటే పాతది.

కాబట్టి ఆ వాక్యం కొట్టెయ్. దాని బదులు ఇది పెట్టు: 'మా వదిన తన తాళంచెవిని నాకిచ్చి వెళ్ళారు. ఆ సంగతి విచారణలో దాచారు.' కింద ఇద్దరి సంతకాలూ ఉంటాయి. నాది పెట్టి కొరియర్లో పంపుతున్నాను, నీది పెట్టు. ఇది చదివాక నన్ను ఏ కంపెనీ పిలవదు, తెలుసు. ఇక్కడ నష్టమేమీ లేదు. ప్రిన్సిపాల్ గారికి ఇందులో ఒక్క ముక్క అర్థం కాదు, రేపు పొద్దున్న మైకు పనిచెయ్యకపోతే మళ్ళీ నన్నే పిలుస్తారు.

నిన్ను క్షమించానా అంటే, ఇంకా పూర్తిగా లేదు. అబద్ధమాడి ఏం లాభం. ఆ ఫోన్ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. కానీ నీమీద బెంగ కూడా ఉంది, అదీ నిజమే. ఖాళీ జాబితా సరిచేస్తున్నప్పుడు, నీ లైను పక్కన నా లైను చూసుకుని ఎంతసేపు కూర్చున్నానో.

ఇక మిగిలింది మీ అన్నయ్య. రెండేళ్ళుగా ఆ మనిషి, చెయ్యని తప్పుకి నన్ను ఓదారుస్తున్నాడు. నీతో మాట్లాడినప్పుడల్లా నాకు ద్రోహం చేసినట్టు తలవంచుకుంటున్నాడు. నేను చూస్తూ ఊరుకున్నాను. మొన్న కూడా అన్నం ముందు కూర్చుని 'మనిషన్నాక పొరపాట్లు చేస్తాం' అన్నాడు. నేను మజ్జిగ పోశాను. ప్రకటన పేపరు వాళ్ళ చేతికి చిక్కేలోగా ఆయన మన నోటి నుంచే వినాలి. ఏడుగురి ముందు కూర్చున్నప్పుడు కూడా నాకు ఇంత భయం వెయ్యలేదు. నా ఒక్కదాని వల్ల కాదు పిడుగూ. ఆదివారం రా.

వదిన